జ్వరం రాకముందే ఊపిరితిత్తులను కాపాడుకోవడం ఎలా?

మా చిన్నాయన తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాడు. నాలుగు రోజులు జ్వరం, అయిదో రోజు ఆయాసం, ఆరో రోజు కర్నూలులో ఐసీయూ. అక్కడి డాక్టరు మా చిన్నమ్మను అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ గుర్తే. "ఏమ్మా, రోజుకు ఎన్ని బీడీలు తాగుతాడు? మందు అలవాటు ఉందా? ఏం పని చేస్తాడు? ఇంట్లో కట్టెల పొయ్యా, గ్యాసా?" చిన్నమ్మ బిత్తరపోయింది. "జ్వరమొచ్చిన మనిషికి పొయ్యితో ఏం పని సార్?" అంది.

పని ఉంది. అదే వారం, అదే ఇంట్లో మా తమ్ముడికీ జ్వరమూ దగ్గూ వచ్చాయి. వాడు వారంలో లేచి తిరిగాడు. చిన్నాయన తొమ్మిదో రోజు పోయాడు. వయసు తేడా ఉంది, కాదనను. కానీ జ్వరం వచ్చేనాటికే చిన్నాయన ఊపిరితిత్తులు సగం అరిగిపోయి ఉన్నాయని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నేను చదివి, డాక్టర్లను అడిగి, మా ఇంట్లో చేసి చూసిన పనులే ఇక్కడ రాస్తున్నాను.

ముందు జబ్బు సంగతి. ఊపిరితిత్తుల చివర కోట్ల కొద్దీ చిన్న చిన్న గాలిగదులు ఉంటాయి. గాలికీ రక్తానికీ మధ్య ఉల్లిపొర కంటే ఎన్నో రెట్లు పలుచని పొర ఒకటే అడ్డం. నిమోనియా, ఒళ్ళంతా పాకిన ఇన్‌ఫెక్షన్, యాక్సిడెంట్ దెబ్బ, క్లోమం వాపు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవడం, వీటిలో ఏది వచ్చినా వారం లోపల ఆ పొర కారడం మొదలుపెట్టవచ్చు. గదుల్లో నీరు నిండుతుంది. ఆక్సిజన్ ఎంత పెట్టినా రక్తంలోకి దిగదు. దీన్నే డాక్టర్లు ఏఆర్‌డీఎస్ అంటారు. 1967లో 12 మంది రోగులను చూసి దీన్ని మొదటిసారి వర్ణించారు. 2016లో 50 దేశాల ఐసీయూల లెక్కలు వచ్చాయి. జబ్బు తక్కువ స్థాయిలో ఉన్నవాళ్ళలోనే నూటికి 35 మంది, తీవ్రంగా ఉన్నవాళ్ళలో 46 మంది ఆసుపత్రిలో చనిపోయారు. వెంటిలేటర్ మీద పెట్టి, బోర్లా పడుకోబెట్టి కాపాడతారు తప్ప, కారే పొరను మూసే మందు ఇంకా లేదు.

అందుకే చేయగలిగిందంతా ముందే చేయాలి.

మొదటి పని: ఒక కాగితం రాయండి

ఒక ఆదివారం పొద్దున్నుంచి రాత్రి దాకా ఇంట్లో ఎవరెవరు ఏ పొగ, ఏ దుమ్ము, ఏ పురుగుమందు పీలుస్తున్నారో గమనించండి. పొయ్యి, బీడీ, దోమల కాయిల్, సాంబ్రాణి, పొలంలో పిచికారీ, ఫ్యాక్టరీ నుసి, మిల్లు పత్తి నూగు. పేరు ఎదురుగా పని, ఎన్నేళ్ళుగా చేస్తున్నారో రాయండి. షుగరు, బీపీ, ఆస్తమా, పాత టీబీ ఉంటే అవీ రాయండి. ఈ కాగితం దాచండి, చివర్లో అవసరం ఉంది.

రెండో పని: బీడీ, సిగరెట్

క్యాన్సర్ భయం చెబితే మనవాళ్ళు "ఇరవై ఏళ్ళ తర్వాత సంగతి కదప్పా" అంటారు. ఇది ఇరవై ఏళ్ళ తర్వాత సంగతి కాదు. 2011లో అమెరికాలో యాక్సిడెంట్లలో గట్టి దెబ్బలు తగిలిన వాళ్ళ రక్తంలో పొగాకు ఆనవాలు కొలిచారు. పొగ తాగేవాళ్ళకే కాదు, పక్కవాళ్ళ పొగ పీల్చేవాళ్ళకు కూడా ఊపిరితిత్తులు దెబ్బతినే ముప్పు ఎక్కువగా కనిపించింది. అంటే హైవే మీద బైకు పడినప్పుడు కాలు విరగడంతో పోతుందా, ఐసీయూ దాకా వెళ్తుందా అన్నదాంట్లో ఆ బీడీకి వాటా ఉంది. నడవాలో మీరు తాగే బీడీ లోపల చదువుకునే బిడ్డకూ లెక్కే.

మానే రోజు ఒకటి పెట్టుకోండి, రెండు వారాల లోపే. ఉగాది నాడు, పుట్టినరోజు నాడు అని వాయిదా వేయకండి. ముందు రోజు రాత్రి కట్ట, అగ్గిపెట్టె, లైటరు అన్నీ బయట పారేయండి. టీ తాగగానే బీడీ గుర్తొస్తుంది కాబట్టి మొదటి రెండు వారాలు టీ అంగడి దగ్గర నిలబడకండి, ఇంట్లో తాగండి. యావ పుట్టినప్పుడు అది నాలుగైదు నిమిషాలకు మించి గట్టిగా నిలవదు. ఆ నిమిషాలు సోంపో, లవంగమో నోట్లో వేసుకుని నడవండి. గుట్కాకు, జర్దాకు మాత్రం మారకండి. 1800-11-2356 నంబరు సిగరెట్ పెట్టెల మీదే ఉంటుంది, ఉచితంగా మాట్లాడి దారి చెబుతారు. నికోటిన్ చూయింగ్ గమ్ గురించి డాక్టరునూ అడగండి. మొదటి నెలల్లో దగ్గు, కళ్ళె ఎక్కువైతే భయపడకండి, లోపల గొట్టాల్లోని సన్నని నూగు మళ్ళీ ఊడ్చే పని మొదలుపెట్టింది.

ఆపరేషన్ తేదీ ఖాయమైతే కనీసం నాలుగు వారాల ముందు నుంచి ముట్టుకోకండి. మత్తు ఇచ్చిన తర్వాత ఊపిరితిత్తులకు వచ్చే ఇబ్బందులు తగ్గుతాయి. పొగ రాదు కదా అని ఈ-సిగరెట్ పట్టుకున్న కుర్రాళ్ళు ఉంటే వాళ్ళకు చెప్పండి: 2019లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న యువకులు వేల మంది వాటి ఆవిరితో ఊపిరితిత్తులు పాడై ఆసుపత్రుల్లో చేరారు. మన దేశంలో అదే ఏడాది వాటిని నిషేధించారు.

మూడో పని: మందు

మందు కాలేయాన్ని తింటుందని అందరికీ తెలుసు. ఊపిరితిత్తులను తింటుందని చాలామందికి తెలియదు. గాలిగదుల లోపల పూతలా ఉండే తడిలో గ్లూటాథయోన్ అనే రక్షణ పదార్థం ఉంటుంది. రోజూ ఎక్కువగా తాగేవాళ్ళలో అది బాగా తగ్గిపోతుంది. 1996లో అమెరికాలో ఐసీయూ రోగుల మీద వచ్చిన పరిశీలనలో, మందు వ్యసనం ఉన్నవాళ్ళలో నూటికి 43 మందికి ఏఆర్‌డీఎస్ వచ్చింది, లేనివాళ్ళలో 22 మందికి. రెట్టింపు.

ఇక్కడ ఒక హెచ్చరిక. రోజూ క్వార్టర్, హాఫ్ తాగే మనిషిని ఇంట్లో కట్టేసినట్టు ఒక్కరోజులో ఆపించకండి. రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, మూర్ఛ, మతి తప్పడం రావచ్చు, ప్రాణానికే ప్రమాదం. డాక్టరు పర్యవేక్షణలో ఆపించాలి. 14446కు ఫోన్ చేస్తే మాన్పించే కేంద్రం ఎక్కడుందో చెబుతారు.

ఎంతగానో తాగి స్పృహ లేకుండా పడుకున్న మనిషిని వెల్లకిలా వదిలేయకండి. వాంతి వస్తే అది సూటిగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎడమ పక్కకు తిప్పి, పై మోకాలు ముందుకు మడిచి, తల కొద్దిగా వెనక్కి వంచి పడుకోబెట్టండి. నోట్లో మజ్జిగ, నిమ్మరసం పోయకండి. ఇది మూర్ఛ వచ్చిన వాళ్ళకూ వర్తిస్తుంది.

నాలుగో పని: ఇంటి లోపలి పొగ

కంది కట్టె, పత్తి కట్టె, కంపచెట్టు పుల్లలు మన పల్లెల్లో ఊరికే దొరుకుతాయి. నీళ్ళు కాచుకోవడానికి, సంగటి కెలకడానికి ఇంకా వాటి మీదే చాలామంది. మా చిన్నమ్మ ఊదుగొట్టం పెట్టి ఊదేటప్పుడు మొహం పొయ్యికి జానెడు దూరంలో ఉండేది. ఊది, దగ్గి, కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఊదేది. ఆ జానెడు దూరమే పొగ అత్యంత చిక్కగా ఉండే చోటు.

గ్యాసుకు మారగలిగితే మారండి. ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద అర్హులకు 2024 చివరి నుంచి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వస్తున్నాయి. అవి చాలకపోతే కనీసం రోజువారీ వంట గ్యాసు మీద, నీళ్ళు కాచడం పెరట్లో పొయ్యి మీద పెట్టుకోండి. పొయ్యి లోపలే ఉంటే దాని ఎదుట గోడకు ఒకటి, కప్పు దగ్గర ఒకటి కంతలు పెట్టించండి. పచ్చి పుల్లలు కాల్చకండి. ప్లాస్టిక్ కవరుతో పొయ్యి అంటించే అలవాటు ఈ రోజే మానండి. వంట చేసేటప్పుడు చంటిబిడ్డను ఒడిలోనో, వీపునో పెట్టుకోకండి.

దోమల కాయిల్ గురించి 2003లో వచ్చిన ఒక పరిశీలన నన్ను కలవరపెట్టింది. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లు కాలినంత సన్నని ధూళి వస్తుందట. తలుపులు మూసి, మంచం కింద కాయిల్ పెట్టి పిల్లలను పడుకోబెట్టే ఇళ్ళు మన వీధిలోనే ఎన్నో. దోమతెర కొనండి, కిటికీకి జాలీ కొట్టించండి. పసిబిడ్డకు తలంటిన తర్వాత సాంబ్రాణి పొగ పట్టడం ముచ్చటే. కానీ జుట్టు మెత్తని గుడ్డతో తుడిస్తే ఆరిపోతుంది, బిడ్డను ఆ గంప మీద పట్టుకోనవసరం లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు నొచ్చుకుంటే సాంబ్రాణి దేవుడి గదిలో వేసి, బిడ్డను బయటికి తీసుకెళ్ళండి.

అయిదో పని: పనిలో పీల్చే నుసి

తాడిపత్రి, బేతంచెర్ల, బనగానపల్లె, యర్రగుంట్ల, ఎక్కడ చూసినా బండ పని. నాపబండలో సున్నపురాయి పాలు ఎక్కువ, గ్రానైట్‌లో సిలికా ఎక్కువ. కాబట్టి గ్రానైట్ కోసే చోట ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సన్నని సిలికా నుసి ఊపిరితిత్తుల్లో ఉండిపోయి మచ్చలు కడుతుంది, టీబీని పిలుస్తుంది. చాలా ఎక్కువగా పీలిస్తే కొద్ది నెలల్లోనే గాలిగదులు నిండిపోయిన సందర్భాలూ వైద్యంలో ఉన్నాయి.

చిన్నాయన ముక్కుకు తువ్వాలు చుట్టుకునేవాడు. సాయంత్రం విప్పితే లోపలి వైపు కూడా ముక్కు రంధ్రాల దగ్గర రెండు బూడిదరంగు మచ్చలు ఉండేవి. నుసి గుడ్డ దాటి లోపలికి పోయిందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? తువ్వాలు, సర్జికల్ మాస్క్, తడిగుడ్డ, ఇవేవీ ఆ సన్నని నుసిని ఆపవు. ఎన్95 మాస్కే కావాలి, అదీ ముక్కు మీది సన్నని పట్టీ నొక్కి, పక్కల గాలి రాకుండా. గడ్డం ఉంటే సరిగా అతకదు. మాస్క్ తడిసినా, నలిగినా, ఊపిరి ఆడక బరువనిపించినా మార్చేయండి.

మాస్క్ కంటే ముందుది నీళ్ళు. కోత బిళ్ళ మీద నీటి ధార పడుతుండగానే కోయండి. అంచులు పొడి గ్రైండర్‌తో కొట్టే పని గాలి పోయే వైపు, అందరికీ దూరంగా పెట్టించమని మేస్త్రీని అడగండి. ఊడ్చే ముందు నీళ్ళు చల్లండి. ఒంటి మీది నుసిని కంప్రెసర్ గాలితో ఊదుకోకండి. పని బట్టలు అక్కడే విడిచి, మొహం కడుక్కుని ఇంటికి రండి. ఆ చొక్కా ఇంట్లో దులిపితే పిల్లలు పీల్చేది అదే నుసి. ఏడాదికి ఒకసారి ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి ఊదే పరీక్ష అడిగి చేయించుకోండి.

ఆదోని వైపు పత్తి మిల్లుల్లో ఆదివారం సెలవు తర్వాత సోమవారం పనిలోకి దిగగానే ఛాతీ బిగుసుకుపోతే దాన్ని తేలిగ్గా తీసుకోకండి, డాక్టరుకు ఆ మాట అలాగే చెప్పండి. చెనక్కాయ, శనగ నూర్పిడి మిషన్ దగ్గర గాలికి ఎదురు వైపు నిలబడకండి, గాలి వీపు మీద కొట్టేలా నిలబడండి.

ఆరో పని: పురుగుమందుల సీసాలు, బిళ్ళలు, యాసిడ్

ఇక్కడ ఒక్క పొరపాటు చాలు. గడ్డిమందుల్లో పారాక్వాట్ అనేది ఒక గుక్క మింగినా ఊపిరితిత్తులను నాశనం చేస్తుంది, విరుగుడు లేదు. మొదటి రోజు మనిషి మామూలుగానే మాట్లాడవచ్చు. నోట్లో పుండ్లు తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. "బాగానే ఉన్నాడు" అని ఇంట్లో ఉంచుకుంటే రోజుల్లో ఆయాసం మొదలవుతుంది. మింగాడని తెలిసిన క్షణమే డబ్బాతో సహా ఆసుపత్రికి పరుగెత్తండి. ఏ మందునూ కూల్‌డ్రింక్ సీసాలోకి, క్వార్టర్ సీసాలోకి మార్చకండి. తాళం వేసిన పెట్టెలో, పొలం దగ్గరే ఉంచండి. ఇంట్లో ఎవరి మనసైనా బాగాలేదనిపిస్తే ఆ మందు ఇంట్లో అసలు పెట్టకండి, మనసు బాధలకు సాయం చేసే 14416కు ఫోన్ చేసి వాళ్ళతో మాట్లాడించండి. పిచికారీ పొద్దున్నే, గాలి పెద్దగా లేనప్పుడు, గాలి వాలున కొట్టండి. పంపు కారుతుంటే వీపు తడుస్తుంది, చర్మం గుండా కూడా మందు లోపలికి పోతుంది.

ధాన్యానికి పురుగు పట్టకుండా వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళల నుంచి తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేర్చే విషం అది. బస్తాల గదిలో, ఆ గదికి ఆనుకున్న గదిలో ఎవరూ పడుకోకూడదు. అసలు నివాసమున్న ఇంట్లో వాడకపోవడమే మేలు.

బాత్రూం కడిగేటప్పుడు బ్లీచింగ్ పౌడర్ చల్లి దాని మీదే యాసిడ్ పోస్తే ముక్కు మండే ఘాటు వస్తుంది. అది క్లోరిన్. బకెట్టు అక్కడే వదిలి తలుపు తెరిచి బయటికి రండి. దగ్గు తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తర్వాత ఆయాసం రావచ్చు కాబట్టి ఆ రాత్రంతా మనిషిని కనిపెట్టుకుని ఉండండి. జొన్నల పాతర, పాడుబడిన బావి, సెప్టిక్ ట్యాంకు, వీటిలో దిగి ఒకరు పడిపోతే కాపాడబోయి రెండో మనిషి దిగకండి. 101కి, 108కి ఫోన్ చేయండి.

పిల్లలు పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ తాగితే వాంతి చేయించకండి. కడుపులో కంటే ఊపిరితిత్తుల్లోకి పోతేనే వాటితో ఎక్కువ ప్రమాదం. స్నానం చేయించేటప్పుడు పసిబిడ్డ ముక్కులో నూనె చుక్కలు వేయడం, ఏడుస్తుంటే ముక్కు మూసి ఆముదం పోయడం కూడా ఇలాంటివే. నూనె నిమ్ము తెస్తుంది. అవ్వలతో వాదించడం కష్టం, నాకూ తెలుసు. డాక్టరు చేత చెప్పించండి. పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ళకు పడుకోబెట్టి అన్నం పెట్టకండి. కూర్చోబెట్టి, చిన్న ముద్దలు పెట్టి, తిన్నాక అరగంట అలాగే ఉంచండి, రోజుకు రెండుసార్లు పళ్ళు తోమించండి.

ఏడో పని: బయటి గాలి

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో కర్నూలు, అనంతపురం, కడప మూడూ ఉన్నాయి. సన్నని ధూళికీ ఓజోన్‌కూ ఏళ్ళ తరబడి గురైన వాళ్ళలో ఏఆర్‌డీఎస్ ఎక్కువని పరిశీలనలు వచ్చాయి. ఓజోన్ వాహనాల పొగ ఎండకు కాగి పుడుతుంది, మన ఎండకు కొదవ లేదు. నడక పొద్దున పెట్టుకోండి. సమీర్ యాప్‌లో మీ ఊరి గాలి చూసుకోవచ్చు. చెత్త తగలబెట్టకండి. దీంట్లో ఒక్క ఇల్లు చేయగలిగింది తక్కువే, అందుకే ఇంతటితో వదిలేస్తున్నాను.

ఎనిమిదో పని: టీకాలు, జ్వరం

అరవై దాటిన వాళ్ళు, షుగరు, ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్ళు ఏటా వేసుకునే ఫ్లూ టీకా గురించి, నిమోనియా టీకా గురించి డాక్టరును అడగండి. పిల్లలకు నిమోనియా టీకా ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

మన దగ్గర స్క్రబ్ టైఫస్ (పొదల్లోని కంటికి ఆనని పురుగు కుట్టి వచ్చే జ్వరం), డెంగీ, మలేరియా కూడా ఊపిరితిత్తుల దాకా వెళ్తాయి. జ్వరం మూడు రోజులు దాటితే ఊళ్ళో సూది వేయించుకుంటూ కూర్చోకండి. చంకల్లో, గజ్జల్లో, నడుము మడతల్లో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు ఉందేమో చూడండి. ఉంటే డాక్టరుకు చూపించండి, స్క్రబ్ టైఫస్‌కు మందు చవక, త్వరగా ఇస్తే బాగా పనిచేస్తుంది.

చివరి పని: ఎప్పుడు కదలాలి

మనిషి కదలకుండా ఉన్నప్పుడు ఫోన్‌లో టైమ్ పెట్టి పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిండు నిమిషం లెక్కపెట్టండి. పెద్దవాళ్ళకు 12 నుంచి 20 మామూలు. 24 దాటితే అదే రోజు డాక్టరు దగ్గరికి, 30 దాటితే 108కి. ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలకు 40, రెండు నెలల నుంచి ఏడాది లోపు వాళ్ళకు 50, అంతకంటే చిన్నవాళ్ళకు 60 వచ్చినా ప్రమాదమే. డొక్కలు ఎగరేస్తుంటే లెక్క అక్కర్లేదు, బయల్దేరండి. ఆక్సీమీటర్ ఉంటే గోరింటాకు, నెయిల్ పాలిష్ లేని వెచ్చని వేలికి పెట్టి నిమిషం ఆగి చూడండి. 94 కంటే తగ్గితే ఆసుపత్రి, 90 కంటే తగ్గితే అంబులెన్స్. మాట మధ్యలో ఊపిరి అందకపోవడం, పెదాలు నీలంగా మారడం, తికమకగా మాట్లాడటం కనిపిస్తే అంకెల కోసం ఆగకండి. బండి వచ్చేదాకా పడుకోబెట్టకుండా దిండ్లకు ఆనించి కూర్చోబెట్టండి.

ఆధార్, ఆరోగ్య కార్డుతో పాటు మొదట రాసిన ఆ కాగితం కూడా తీసుకెళ్ళి డాక్టరు చేతికి ఇవ్వండి. బీడీలు ఎన్ని, మందు ఎంత, ఏ దుమ్ము ఎన్నేళ్ళు, ఏ పురుగుమందు పిచికారీ చేశాడు, దాచకుండా. మా చిన్నమ్మ ఇంట్లో ఆ కాగితం క్యాలెండర్ వెనక మేకుకు తగిలించి ఉంటుంది. ఆమె పేరు ఎదురుగా "కట్టెల పొయ్యి" అని రాసింది కొట్టేసి, పైన "గ్యాసు" అని మా తమ్ముడు రాశాడు.